పెట్రోలు వాసన ఎప్పుడొస్తోంది?

బంకులో ఫుల్ ట్యాంకు కొట్టించి బయల్దేరిన కాసేపటికి కారులో పెట్రోలు వాసన మొదలవుతుంది. అద్దాలు దించితే పోతుంది, ఎక్కిస్తే మళ్లీ వస్తుంది. రెండు రోజులు తిరిగాక తీరిక చూసుకుని షెడ్డుకి తీసుకెళ్తే మెకానిక్ బానెట్ ఎత్తి, కిందికి దూరి, డిక్కీ తెరిచి చూసి "ఏం లేదు సార్, అంతా బాగానే ఉంది" అంటాడు. నిజంగానే ఆ వేళకి వాసన ఉండదు. మళ్లీ ట్యాంకు నింపిన రోజున అదే కథ.

ఇలా వచ్చిపోయే వాసనతో విసిగిపోయి చాలామంది డాష్‌బోర్డు మీద ఒక పెర్ఫ్యూమ్ సీసా పెట్టి ఊరుకుంటారు. అది చేయకూడని పని. వాసన వచ్చిపోవడమే దాని జాడ పట్టుకోవడానికి ఉన్న మొదటి ఆధారం. పెట్రోలు కారులో ఒకే చోట ఉండదు. నింపే మూతి, ట్యాంకు, పంపు, నేల కింది పైపు, ఇంజను మీది ఇంజెక్టర్లు, వీటన్నిటికీ తోడు ఆవిరికి వేరే దారి. ఈ చోట్లన్నీ ఒకేసారి ఒత్తిడికి లోనుకావు. అందుకే వాసన ఏ వేళ వస్తోందో తెలిస్తే ఏ చోటి నుంచి వస్తోందో సగం తెలిసినట్టే. కడుపునొప్పితో వెళ్లిన మనిషిని అనుభవమున్న వైద్యుడు ముందుగా "తిన్నాక వస్తోందా, తినకముందా?" అని అడుగుతాడు. స్కానింగ్ మాట ఆ తర్వాత. పెట్రోలు వాసనకీ అదే వరస.

ముక్కు ముందే పసిగడుతుంది, త్వరగా అలిసిపోతుంది

ముడి చమురు నుంచి తీసిన కొన్ని వందల రకాల హైడ్రోకార్బన్లు కలిస్తే పెట్రోలు. వాటిలో తేలికైనవి మామూలు వేడికే ఎగిరిపోతాయి. సున్నాకి 40 డిగ్రీలు దిగువన కూడా పెట్రోలు మండగలిగేంత ఆవిరిని వదులుతుంది. అంటే లంబసింగిలో జనవరి తెల్లవారుజామున సైతం అది మంటకి సిద్ధంగానే ఉంటుందన్నమాట. ఈ ఆవిరి గాలి కన్నా మూడు నాలుగు రెట్లు బరువు. పైకి లేచి చెదిరిపోకుండా నేలబారున పాకుతుంది, గాలి ఆడని సెల్లార్లలో పేరుకుంటుంది.

గాలిలో ఈ ఆవిరి 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉన్నప్పుడే నిప్పు తగిలితే అంటుకుంటుంది. అంతకన్నా తక్కువైతే మండడానికి ఇంధనం చాలదు, ఎక్కువైతే ఆక్సిజన్ చాలదు. 1.4 శాతమంటే పది లక్షల పాళ్లలో 14 వేల పాళ్లు. మనిషి ముక్కు మాత్రం పది లక్షల్లో ఒక్క పాలు కన్నా తక్కువ ఉన్నా పట్టేస్తుంది. ప్రమాదపు గీతకి వేల రెట్లు దిగువనే మనకి హెచ్చరిక అందుతోంది. కాబట్టి లీలగా వాసన రాగానే కారు పేలిపోతుందని వణికిపోనక్కర్లేదు.

అలాగని తేలిగ్గా తీసుకోవడానికీ లేదు. లీటరు పెట్రోలు పూర్తిగా ఆవిరైతే సుమారు 180 లీటర్ల ఆవిరి అవుతుంది. చిన్న కారు లోపలి చోటు మొత్తం 3 వేల లీటర్లు అనుకుంటే, దాన్నంతటినీ మండే మిశ్రమంగా మార్చడానికి పావు లీటరు పెట్రోలు చాలు. పైగా ముక్కు కొద్ది నిమిషాల్లోనే ఏ వాసనకైనా అలవాటు పడిపోతుంది. స్టీరింగు ముందు కూర్చున్నవారికి "తగ్గిందే" అనిపించినప్పుడు తగ్గింది వాసనా, ముక్కు చురుకా అన్నది చెప్పలేం. దారిలో కొత్తగా ఎక్కినవారు "ఏంటీ, పెట్రోలు వాసన?" అంటే వారి మాటే నమ్మాలి.

ఆరోగ్యం సంగతి వేరే ఉంది. పెట్రోలులో బెంజీన్ అనే పదార్థం ఉంటుంది. అది మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైనందునే భారత్ స్టేజ్ నిబంధనలు పెట్రోలులో దాన్ని 1 శాతం దాటనివ్వవు. ఒక్కరోజు పీల్చితే తలనొప్పి, వికారం వరకే. రోజూ అదే కారులో పిల్లల్ని బడికి దింపేవారు మాత్రం ఆలస్యం చేయకూడదు.

ట్యాంకులో పుట్టిన ఆవిరి ఎక్కడికి పోతుంది?

ఎండలో నిలిపిన కారు ట్యాంకులో పెట్రోలు వేడెక్కి ఆవిరవుతూనే ఉంటుంది. ట్యాంకుని పూర్తిగా బిగిస్తే లోపల ఒత్తిడి పెరుగుతుంది, తెరిచి ఉంచితే ఆవిరి ఊరంతా కమ్ముతుంది. పాతకాలపు కార్లలో రెండోదే జరిగేది. ఆవిరైన పెట్రోలు కూడా పొగంత కాలుష్యమేనని గుర్తించాక 1970లో కాలిఫోర్నియా, మరుసటేడు అమెరికా అంతా ఈ ఆవిరికి కళ్లెం వేశాయి. అప్పుడు వచ్చిన పరికరమే ఇవాళ మన కార్లలోనూ ఉన్న చార్‌కోల్ క్యానిస్టర్.

చూడ్డానికి అదొక నల్లటి ప్లాస్టిక్ డబ్బా. లోపల ప్రత్యేకంగా తయారుచేసిన బొగ్గు గుళికలు ఉంటాయి. ఆ బొగ్గులో కంటికి కనపడని రంధ్రాలు ఎన్ని ఉంటాయంటే, ఒక్క గ్రాము బొగ్గు లోపలి గోడలన్నీ పరిస్తే వెయ్యి చదరపు మీటర్ల దాకా వస్తాయి. ట్యాంకు నుంచి వచ్చిన ఆవిరి ఆ గోడలకి అంటుకుని ఆగిపోతుంది. బయటికి పోయేది శుభ్రమైన గాలి.

అయితే బొగ్గు ఎంతకాలం దాచుకుంటుంది? ఇంజను వేడెక్కి నడుస్తున్నప్పుడు కంప్యూటర్ పర్జ్ వాల్వు అనే చిన్న వాల్వుని తెరుస్తుంది. ఇంజను పీల్చే ఊపుకి బయటి గాలి డబ్బా గుండా దూసుకొచ్చి, బొగ్గుకి అంటిన ఆవిరిని ఊడ్చుకుని ఇంజనులోకి తీసుకెళ్తుంది. అక్కడ అది మామూలు పెట్రోలుతో పాటు మండిపోతుంది. డబ్బా ఖాళీ. మళ్లీ కారు ఆగినప్పుడు ఆవిరిని పట్టుకోవడానికి సిద్ధం. నెలల తరబడి కదలని కారు దగ్గర వాసన రావడానికి ఒక కారణం ఇక్కడే దొరుకుతుంది: బొగ్గు నిండుతోంది గానీ ఖాళీ అయ్యే అవకాశమే రావడం లేదు.

ట్యాంకు నింపాక వచ్చే వాసన

మొదట చెప్పిన కేసు ఇదే. ఫుల్ ట్యాంకు రోజున వచ్చి, 60–70 కిలోమీటర్లు తిరిగాక మాయమయ్యే వాసనకి అనుమానితులు ముగ్గురు.

మొదటిది ట్యాంకు నెత్తిన, పంపు దిగే చోట ఉండే రబ్బరు రింగు. చాలా హ్యాచ్‌బ్యాక్‌లలో ట్యాంకు వెనక సీటు కిందే ఉంటుంది. సీటు ఎత్తితే ఒక మూత, దాని కింద పంపు. ఆ రింగు గట్టిపడినా, పంపు మార్చినప్పుడు పాత రింగునే మళ్లీ వేసినా, ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు పెట్రోలు అక్కడి దాకా ఎగిసి చెమ్మగిల్లుతుంది. మట్టం కొంచెం తగ్గగానే ఆ చోటు పొడిగా ఉంటుంది. షెడ్డులో ఏమీ దొరక్కపోవడం మెకానిక్ తప్పు కాదు, కారుని ట్యాంకు తగ్గాక తీసుకెళ్లడమే కారణం. నిండు ట్యాంకుతో తీసుకెళ్లాలి.

రెండోది మూతి నుంచి ట్యాంకుకి దిగే గొట్టం. 2014 ఏప్రిల్‌లో మారుతి సుజుకి 1,03,311 స్విఫ్ట్, డిజైర్, ఎర్టిగా కార్లని వెనక్కి పిలిపించింది సరిగ్గా ఈ భాగం మార్చడానికే. ఆటో కటాఫ్ దాటి నింపితే పెట్రోలు వాసన రావచ్చని, అరుదుగా కారడం కూడా జరగవచ్చని కంపెనీయే ప్రకటించింది. అవన్నీ 2013 నవంబరు నుంచి 2014 ఫిబ్రవరి మొదటి వారం లోపు తయారైన కార్లు. కొత్త కారే కదా, లీకు ఎందుకుంటుందని కొట్టిపారేయకూడదని చెప్పే ఉదాహరణ ఇది.

మూడోది మనం చేతులారా తెచ్చుకునేది. బంకు గన్ను కొసన ఒక చిన్న బెజ్జం ఉంటుంది. పెట్రోలు పారుతున్నంతసేపూ దాని గుండా గాలి పీల్చుకుంటుంది. ట్యాంకు నిండి పెట్రోలు ఆ బెజ్జాన్ని మూసేయగానే లోపల పీడనం పడిపోయి గన్ను టక్కున ఆగుతుంది. ఆ తర్వాత "రౌండ్ ఫిగర్ చేసేయ్" అని మరో రెండు మూడు సార్లు నొక్కిస్తే ఆవిరి కోసం వదిలిన ఖాళీ కూడా నిండిపోతుంది. ఆవిరి దారిలోకి ద్రవం చేరి క్యానిస్టర్‌లోని బొగ్గుని తడిపేస్తుంది. తడిసిన బొగ్గు ఆవిరిని పట్టలేదు, ఒకోసారి క్యానిస్టర్ మొత్తం మార్చాల్సి వస్తుంది. ఆ ఖాళీ అవసరం ఊరికే రాలేదు. భూగర్భ ట్యాంకు నుంచి 30 డిగ్రీల దగ్గర వచ్చిన పెట్రోలు మే నెల ఎండలో 45 డిగ్రీలకి చేరితే 40 లీటర్లకి అర లీటరు పైగా ఉబ్బుతుంది.

ఎండాకాలంలో ఫుల్ ట్యాంకు చేయిస్తే కారు పేలుతుందని ఏటా ఫోన్లలో తిరిగే సందేశం మాత్రం అబద్ధం. తయారీదారు చెప్పిన గరిష్ఠ మట్టం దాకా ఏ కాలంలోనైనా నింపుకోవచ్చని ఇండియన్ ఆయిల్ స్వయంగా వివరణ ఇచ్చింది. గన్ను తనంతట తాను ఆగిన చోటే ఆ మట్టం.

ట్యాంకు నింపగానే వాసనతో పాటు ఇంజను స్టార్ట్ కావడానికి మొరాయిస్తోందా? అప్పుడు పర్జ్ వాల్వు తెరుచుకుని ఉండిపోయిందేమో చూడాలి. నింపుతున్నప్పుడు ఎగసిన ఆవిరంతా అదుపు లేకుండా ఇంజనులోకి చేరి, గాలి–పెట్రోలు పాళ్లని చెడగొడుతుంది. వాల్వు ఊడదీసి, కరెంటు ఇవ్వకుండా ఊదితే గాలి పోకూడదు. పోతోందంటే దొంగ దొరికినట్టే.

పొద్దున స్టార్ట్ చేయగానే, ఏసీ వేయగానే

రాత్రంతా చల్లబడిన ఇంజను స్టార్టయిన తొలి నిమిషంలో పెట్రోలుని కాస్త ఎక్కువగా తీసుకుంటుంది. పొగగొట్టంలోని కెటలిటిక్ కన్వర్టర్ కూడా 250–300 డిగ్రీలకి చేరేదాకా పని మొదలుపెట్టదు. కాబట్టి కారు వెనక నిలబడితే కాసేపు పచ్చి వాసన రావడం సహజం. ఇంజను వేడెక్కాక కూడా అదే వాసన పొగగొట్టం దగ్గర వస్తుంటే, ఇంజను కొట్టుకుంటున్నట్టు నడుస్తుంటే, పెట్రోలు మండకుండానే బయటికి పోతోందన్నమాట. స్పార్క్ ప్లగ్గు, ఇగ్నిషన్ కాయిల్, ఆక్సిజన్ సెన్సారు చూడాలి. ఆయిల్ గేజీ పుల్ల తీసి వాసన చూడటం కూడా మంచిది. ఆయిల్ మట్టం తగ్గాల్సింది పోయి పెరిగి, పెట్రోలు వాసన వేస్తోందంటే ఇంజెక్టర్ కారుతూ సిలిండర్లోకి దిగుతోందని అర్థం. పలచబడిన ఆయిల్ ఇంజనుని అరగదీస్తుంది.

బ్లోయర్ వేయగానే గుప్పున వచ్చే వాసన ఇంకో దారి చూపిస్తుంది. ఏసీకి బయటి గాలి ముందు అద్దం అడుగున, బానెట్ అంచు దగ్గర నుంచి వస్తుంది. అంటే ఇంజను గదిలో ఎక్కడ కారినా ముందుగా ముక్కుకి చేరేది ఈ దారిలోనే. లోపలి గాలినే తిప్పే మీట నొక్కితే వాసన తగ్గి, బయటి గాలి మీట పెడితే పెరుగుతుంటే లీకు ముందు వైపే ఉంది. కారు ఆపిన పది పదిహేను నిమిషాలకి పెరిగితే మరీ ఖాయం. ఇంజను ఆగాక గాలి ఆడక బానెట్ కింద వేడి ఇంకా పెరుగుతుంది. చిన్న చెమ్మ కూడా ఆ వేడికి ఆవిరైపోతుంది.

అక్కడ పైపులో మామూలు కార్లకి మూడు నాలుగు బార్ల ఒత్తిడి ఉంటుంది. టైరులోని గాలి ఒత్తిడి కన్నా ఎక్కువే. ఇంజెక్టర్లని పైపుకి కలిపే చోట చిటికెన వేలి ఉంగరమంత ఓ–రింగులు ఉంటాయి. ఒక్కదానికి పగులు వచ్చినా వేడి ఇంజను మీద పెట్రోలు చిమ్ముతుంది. 2022 నవంబరులో ఫోర్డ్ అమెరికాలో 5 లక్షలకు పైగా ఎస్కేప్, బ్రాంకో స్పోర్ట్ కార్లకి రీకాల్ ప్రకటించింది. కారణం 1.5 లీటర్ల ఇంజనులో ఇంజెక్టర్లకి పగుళ్లు, వేడి భాగాల మీద పెట్రోలు పడి నిప్పంటుకునే ప్రమాదం. బానెట్ కింది నుంచి వచ్చే వాసనని మిగతా అన్నిటికన్నా అత్యవసరంగా చూడాల్సింది ఇందుకే.

ఎలుకల సంగతి చెప్పకపోతే మన ఊళ్ల వ్యాసం పూర్తి కాదు. రాత్రి వెచ్చటి ఇంజను గదిలో చేరి వైర్లనే కాదు, ప్లాస్టిక్, రబ్బరు పెట్రోలు పైపుల్నీ కొరుకుతాయి. నిన్న సాయంత్రం దాకా లేని వాసన ఇవాళ పొద్దున ఒక్కసారిగా ఘాటుగా వస్తే, కారు కింద తడి మరక కనిపిస్తే, తాళం తిప్పొద్దు. ఇంజను తిరిగితే పంపు ఎలుక కొరికిన బెజ్జంలోంచి పూర్తి ఒత్తిడితో పెట్రోలు వెదజల్లుతుంది.

డిక్కీలో మరిచిపోయిన పెట్రోలు సీసానో, పెయింటు థిన్నర్ డబ్బానో కారణమైన కేసులూ తక్కువేమీ కాదు. ముందు అక్కడ వెతికితే ఖర్చు మిగులుతుంది. జనరేటర్ కోసం పెట్రోలు తీసుకెళ్లేవారు చట్టం ఏమంటుందో తెలుసుకోవాలి. లైసెన్సు లేకుండా 30 లీటర్ల దాకా ఉంచుకోవచ్చు గానీ, బిగుతైన మూత ఉన్న గాజు సీసా అయితే లీటరు, లోహపు డబ్బా అయితే 25 లీటర్లు మించకూడదు. కూల్‌డ్రింకు సీసాకి అందులో చోటు లేదు.

పెట్టె: ఘాటుగా వాసన వస్తే ఆ క్షణాన

కారుని పక్కకి తీసి, ఇంజను ఆపి, అందరూ దిగాలి. తలుపులు తెరిచి ఉంచాలి. బానెట్ కింద పొగగానీ మంటగానీ ఉంటే దాన్ని తెరవొద్దు, దూరం జరిగి 101కి ఫోన్ చేయాలి. కింద పెట్రోలు కారుతూ కనిపిస్తే మళ్లీ స్టార్ట్ చేయకుండా టోయింగ్ బండి పిలిపించాలి. వెతకడానికి అగ్గిపుల్ల, లైటరు మాటే వద్దు. బ్యాటరీ తీగని హడావుడిగా పీకొద్దు, ఆ రవ్వ చాలు. సెల్లార్లో అయితే లైటు స్విచ్చులు ముట్టుకోకుండా గాలి ఆడేలా చూడాలి. సీఎన్‌జీ కారులో వచ్చే కుళ్లు వాసన పెట్రోలుది కాదు. అది గ్యాసు లీకు, సిలిండర్ వాల్వు కట్టేసి అధీకృత కేంద్రానికే చూపించాలి.

జాడ తీయడం, బాగుచేయడం

మంచి షెడ్డులో పని కంటితోనే మొదలవుతుంది. కారి ఆరిపోయిన చోట దుమ్ము అంటుకుని గోధుమరంగు మరక మిగులుతుంది. తర్వాత ఒత్తిడి గేజీ పెట్టి, ఇంజను ఆపాక ముల్లు ఎంత వేగంగా పడిపోతోందో చూస్తారు. ముల్లు నిలబడితే ద్రవం పోయే దారి బాగున్నట్టు, వెతకాల్సింది ఆవిరి దారిలో. ఆవిరి లీకు కంటికి ఆనదు. దానికి స్మోక్ మెషీన్ ఉంది. చాలా తక్కువ ఒత్తిడితో తెల్లటి పొగని ఆవిరి గొట్టాల్లోకి పంపుతారు. సూదిమొన బెజ్జంలోంచి కూడా పొగ సన్నగా లేస్తుంది. ఈ పరికరం ఉన్న షెడ్డు ఎక్కడుందో ముందే కనుక్కుని వెళ్తే, అనుమానం మీద ఒక్కో భాగం మార్చుకుంటూ పోయే ఖర్చు తప్పుతుంది.

రిపేరు సాధారణంగా చిన్నదే. మూత రబ్బరు, ఓ–రింగు, క్లిప్పు, జానెడు పైపు. కానీ ఏ పైపు పడితే ఆ పైపు వేయకూడదు. ఇంజెక్షన్ కారు ఒత్తిడికి, పెట్రోలుకి తట్టుకునే పైపే ఉండాలి, పాత ఓ–రింగుని తుడిచి మళ్లీ వేయకూడదు. పైపు విప్పే ముందు పంపు ఫ్యూజు తీసి, ఇంజను తనంతట ఆగేదాకా నడిపి, లోపలి ఒత్తిడిని దించాలి. ఆ వరస పాటించని చోట పని చేయించకపోవడమే మేలు.

ట్యాంకుకి చిల్లు పడితే సబ్బు రుద్ది ఆపడం మన రోడ్ల మీద పాత చిట్కా. సబ్బు పెట్రోలులో కరగదు కాబట్టి కారడం ఆగుతుంది, నిజమే. అయితే అది రిపేరు కాదు, బండి కదులుతుంటే ఊడిపోతుంది. తుప్పు పట్టిన ఇనప ట్యాంకుని "ఖాళీ చేసి వెల్డింగ్ కొట్టేద్దాం" అనడం ఇంకా ప్రమాదం. నిండు ట్యాంకులో ఆవిరి 7.6 శాతం దాటి చిక్కగా ఉంటుంది, లోపల మండదు. ఖాళీ చేసి మూత తీసిపెట్టిన ట్యాంకులోకి గాలి చేరి, ఆవిరి పలచబడి, సరిగ్గా మండే పాళ్లలోకి వస్తుంది. ఖాళీ ట్యాంకు దగ్గర వెల్డింగ్ రవ్వ పేలుడుకి కారణమయ్యేది ఇలాగే. కొత్త ట్యాంకు ఖరీదు చూసి వెనకాడే విషయం కాదిది.

లైటు వెలగకపోతే బాగున్నట్టేనా?

అమెరికాలో ఉంటున్న తెలుగువారికి ఇంకో అనుభవం ఉంటుంది. బంకులో మూత సరిగా తిప్పకపోయినా మర్నాటికో మూడోనాటికో చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. అక్కడి నిబంధనల ప్రకారం ఆవిరి దారిలో అర మిల్లీమీటరు బెజ్జాన్ని కూడా కారే కనిపెట్టాలి. ఐరోపా పద్ధతిని అనుసరించే మన నిబంధనలు పర్జ్ వాల్వుకి కరెంటు అందుతోందా లేదా చూస్తే చాలంటాయి. అందుచేత మన కారులో లైటు వెలగలేదని నిశ్చింతగా ఉండటానికి వీల్లేదు. ఇక్కడ ఆ పని ముక్కే చేయాలి.

పెట్రోలు కూడా మారింది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో మొదలై ఇప్పుడు దేశమంతటా మామూలైంది. కొన్ని రకాల పాత రబ్బర్లు ఇథనాల్ తగిలితే ఉబ్బుతాయి, బిగువు కోల్పోతాయి. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన కార్లలో దాన్ని తట్టుకునే రబ్బరు, ప్లాస్టిక్ వాడుతున్నారు. పదేళ్లు పైబడిన కారు ఉన్నవారు సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు పెట్రోలు పైపులు, రింగులు ప్రత్యేకంగా చూడమని చెప్పడం అవసరం. మెకానిక్ అడగకపోయినా వాసన ఎప్పుడొస్తోందో రెండు మూడు రోజులు గమనించి చీటీ మీద రాసివ్వండి: ట్యాంకు ఎంత ఉంది, ఇంజను వేడిగా ఉందా, బ్లోయర్ ఏ మీట మీద ఉంది.

ఒకే మోడల్ కార్లకి ఒకే చోట లీకు వస్తుంటే అది తయారీ లోపం కావచ్చు. అలాంటి కార్లని కంపెనీల చేత వెనక్కి పిలిపించే అధికారం 2021 ఏప్రిల్ 1 నుంచి కేంద్రానికి ఉంది. డీలరుకి ఛాసిస్ నంబరు చెప్పి రీకాల్ ఉందేమో అడగండి, ఉంటే రిపేరు ఉచితం. లేదంటే, కారు వయసు 7 ఏళ్ల లోపు అయితే, వాహన్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. రీకాల్‌కి ఆదేశించాలా వద్దా అన్నది అలా చేరే ఫిర్యాదుల సంఖ్యని బట్టే పరిశీలిస్తారు.